నవ్వు ఎవరిది? నవ్వులపాలు ఎవరు?



ఈ నెల నవ్వును గురించి నాలుగు మాటలు వ్రాయదలచాము. సంఘ కాపరికి నవ్వుతో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. అయితే మార్కాపురం మొదలుకొని గిద్దలూరు వరకు మేము దర్శించే ఇండ్లలో ఒక సంగతి మరల మరల చూస్తున్నాము. పొద్దు గూకిన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే వేళ, ఆ నవ్వు చాలాసార్లు ఆ ఇంటి ఇల్లాలి మీదనే పడుతుంది. ఆమెకు బస్సు బోర్డు చదవడం రాదని, చిల్లర లెక్క తెలియదని, ఫోను పట్టుకుంటే ఏదో ఒకటి నొక్కేస్తుందని. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. ఆ తరువాత మెల్లగా లేచి గిన్నెలు కడగడానికి పోతుంది. ఆ నవ్వులో ఆమె పాలు ఎంత అని ఎవరూ అడగరు.

టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజుల్లో కొందరు స్త్రీలు ఈ నవ్వును తమ చేతిలోకి తీసుకున్నారు. ఇంటిని, వంటను, అత్తను, మొగుణ్ణి, పొరుగును కథగా మలచి లోకాన్ని నవ్వించారు. వారి కథ మన కుటుంబాలకు పనికివచ్చేది గనుక ఇక్కడ చెబుతున్నాము.

ముందు మన సంగతి చూద్దాము. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. కొండల నడుమ ఉన్న మన పడమటి ప్రకాశం పల్లెలకు ఆ పెట్టె ఆలస్యంగానే చేరింది. ఊరికొకటో రెండో టీవీలు. ఒకరు మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే, క్రింద నుండి పదిమంది "వచ్చింది, వచ్చింది, పోయింది" అని కేకలు వేసేవారు. రాత్రి కార్యక్రమాలు ఎక్కువగా హిందీలో ఉండేవి. భాష తెలియకపోయినా కూర్చుని చూసేవారు. భార్యాభర్తల వాదన ఏ భాషలో జరిగినా తెలిసిపోతుంది కదా!

1984లో "యే జో హై జిందగీ" అనే హాస్య ధారావాహిక దూరదర్శన్‌లో వచ్చింది. అందులో స్వరూప్ సంపత్ భార్యగా, షఫీ ఇనామ్‌దార్ భర్తగా నటించారు. 1985లో "ఇధర్ ఉధర్" వచ్చింది. సొంత అక్కచెల్లెళ్లయిన రత్నా పాఠక్, సుప్రియా పాఠక్ దానిలో ముఖ్య పాత్రలు ధరించారు. 1994లో వచ్చిన "తూ తూ మై మై"లో అత్తగా రీమా లాగూ, కోడలుగా సుప్రియా పిల్గావ్‌కర్ నటించారు. ఆ ఇంట్లో మగవాళ్లు ఉన్నా, కథ నడిచేది అత్తాకోడళ్ల నోటి మీదనే. ఇద్దరూ మాటకు మాట అప్పగించుకునేవారు. ఒకరిని ఒకరు వదిలి ఉండలేకపోయేవారు.

ఈ రకమైన కథలకు ఒక పద్ధతి ఉంది. ప్రతి వారం అదే ఇల్లు, అవే ముఖాలు. ఆ వారం ఒక చిన్న చిక్కు వచ్చి పడుతుంది. అరగంటలో అది ముడిపడి, అరగంటలోనే విడిపోతుంది. మరుసటి వారం మరల మొదటికి వస్తుంది. ఇంగ్లీషువారు దీనిని సిట్యుయేషన్ కామెడీ అన్నారు. ఆలోచిస్తే మన ఇండ్లలో బ్రతుకు కూడా అటువంటిదే. ఈ రోజు ఊడ్చిన వాకిలి రేపు మరల ఊడ్వవలసిందే. కడుపు నిండినవాడికి రేపు మరల ఆకలి వేయవలసిందే. ఇటువంటి కథను స్త్రీ చెప్పడంలో ఆశ్చర్యం ఏముంది? ఆ తిరిగే చక్రాన్ని ఆమె కంటే ఎరిగినవారు ఎవరు?

ఈ పద్ధతి పుట్టి పెరిగింది అమెరికాలో. అక్కడ గెర్‌ట్రూడ్ బెర్గ్ అనే యూదురాలు 1929లోనే రేడియోలో గోల్డ్‌బర్గ్ కుటుంబం కథ మొదలుపెట్టింది. కథ వ్రాసింది ఆమె, తల్లి మోలీగా నటించిందీ ఆమె. 1949 జనవరిలో ఆ కథ టెలివిజన్ మీదికి వచ్చింది. మోలీ తన కిటికీలోనుండి తల బయటకు పెట్టి ఎదుటి ఇంటివారిని కేక వేసి పిలుస్తుంది. మన పల్లెల్లో పిట్టగోడ మీదినుండి "వదినా, ఏం కూర చేసినావు?" అని అడిగినట్టే. దేశం విడిచి వచ్చిన బీద కుటుంబం, యాస కలిసిన మాట, పిల్లల చదువు దిగులు, బంధువుల పెండ్లిండ్లు, ఇదే ఆ కథ. లోకమంతా ఎగతాళి చేసే యాసను ఆమె దాచుకోలేదు. ఆ యాసతోనే జనం మనసు గెలిచింది. నటిగా ఆమెకు ఎమ్మీ బహుమానం కూడా ఇచ్చారు.

ఆ నవ్వు వెనుక వెల కూడా ఉంది. మోలీ భర్తగా నటించిన ఫిలిప్ లోబ్ కమ్యూనిస్టు అని 1950లో ఒక జాబితాలో పేరు వేశారు. ఆయన కాదన్నాడు. ఆయనను తీసివేయమని ఒత్తిడి వచ్చినప్పుడు బెర్గ్ మొదట ఒప్పుకోలేదు. 1951లో సీబీఎస్ సంస్థ ఆ కార్యక్రమాన్నే ఆపివేసింది. తరువాత అది మరొక సంస్థలో తిరిగి మొదలైంది గాని, ఆయన అందులో లేడు. 1955లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. నవ్వించే ఇంటి వెనుక ఎంత దుఃఖం ఉండగలదో ఇది చూపిస్తుంది.

ఇక అందరికంటే పేరు మోసినది లూసిల్ బాల్. 1951 అక్టోబరు 15న ఆమె "ఐ లవ్ లూసీ" మొదలైంది. భర్త దేసీ ఆర్నాజ్ క్యూబా దేశస్థుడు. అమెరికా స్త్రీకి క్యూబా భర్తా, జనం ఒప్పుకోరు అని సీబీఎస్‌వారు సందేహించారు. వీరిద్దరూ 1950లో ఊరూరా వేదికలెక్కి ఆడి, జనం ఒప్పుకుంటారని రుజువు చేశారు. సుమారు 300 మంది చూపరులను ఎదుట కూర్చోబెట్టి, మూడు కెమేరాలతో ఫిలిం మీద తీశారు. ఆ నవ్వు నిజమైన మనుషుల నవ్వు. కథ వ్రాసేవారిలో మాడలిన్ ప్యూ అనే స్త్రీ ఉండేది. లూసీ చేయవలసిన సాహసాలు కొన్ని ముందు తానే చేసి చూసేది.

1952 సెప్టెంబరులో వచ్చిన ఒక భాగం చెప్తాము. ఇంటి పని గొప్పా, బయటి పని గొప్పా అని భార్యాభర్తల మధ్య పంతం వస్తుంది. భర్తలు వంటింట్లోకి, భార్యలు కూలికి. భార్యలు చాక్లెట్ల ఫ్యాక్టరీలో చేరతారు. పట్టా మీద చాక్లెట్లు వస్తూ ఉంటాయి, వీరు కాగితం చుట్టాలి. పట్టా వేగం పెరిగేసరికి చుట్టలేక నోట్లో, టోపీలో, రవికలో దాచుకుంటారు. ఇంట్లో భర్త బియ్యానికి కొలత తెలియక పోసేస్తాడు. అన్నం పొంగి పొయ్యి మీద పడి, నేల మీదికి పారుతుంది. చివరికి నాలుగు ముఖాలూ చిన్నబోతాయి. ఎవరి పని వారికి కష్టమని ఒప్పుకుంటారు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో రోజంతా కూర్చుని పని చేసిన తల్లులు, ఇంటికి వచ్చి మరల పొయ్యి రాజేసిన తల్లులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. వారికి ఈ కథ విప్పి చెప్పనక్కరలేదు. వారు ఆ రెండు పనులూ ఒకే రోజున చేసినవారు.

లూసిల్ బాల్ గర్భవతి అయినప్పుడు ఆ సంగతిని కథలో పెట్టాలా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. ఆ కాలంలో గర్భవతి అనే మాటనే టెలివిజన్‌లో పలకనీయలేదు. పెద్దలకు అభ్యంతరం రాకుండా ఆ భాగాలను ఒక కతోలిక ఫాదరు గారికి, ఒక ప్రొటెస్టెంటు పాదిరి గారికి, ఒక యూదు రబ్బీకి చూపించారు. వారు వద్దనలేదు. 1953 జనవరి 19న కథలో బిడ్డ పుట్టాడు. అదే రోజున ఆమెకు నిజంగానే కుమారుడు పుట్టాడు. ఆ రాత్రి దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మరునాడు అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ప్రమాణ స్వీకారం చూసినవారు దాదాపు 2 కోట్ల 90 లక్షలు. ఒక తల్లి కాన్పు ఒక దేశాధిపతి ప్రమాణాన్ని మించిపోయింది. ఆ మూడు మతాల పెద్దలు చేసిన పని మాకు నచ్చింది. గర్భము సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఈ రోజుకు కూడా మన పల్లెల్లో కడుపుతో ఉన్న కోడలు ఆ మాట పైకి చెప్పలేక, నొప్పి దాచుకొని చేనికి పోవడం మనకు తెలియనిది కాదు.

లూసీ కథలో ఒక లోపం కూడా చెప్పాలి. కథలో ఆమె స్టేజీ ఎక్కాలని ఆశపడుతుంది. ప్రతి వారం ఓడిపోయి వంటింటికే తిరిగి వస్తుంది. అయితే కథ బయట సంగతి వేరు. భార్యాభర్తలిద్దరూ దేసీలూ అనే సొంత సంస్థ కట్టుకున్నారు. 1960లో వారు విడిపోయారు. ఆ విడిపోవడాన్ని మేము మెచ్చుకొని చెప్పడం లేదు. 1962లో ఆమె భర్త వాటాను కొని ఆ సంస్థకు అధిపతి అయింది. తెర మీద లెక్క తెలియని ఇల్లాలు, తెర వెనుక వందలమందికి జీతమిచ్చే యజమానురాలు. తెలివితక్కువదానిగా నటించడానికి ఎంత తెలివి కావాలో ఆలోచించండి.

అదే రోజుల్లో ఈవ్ ఆర్డెన్ అనే నటి "అవర్ మిస్ బ్రూక్స్" అనే కథలో పంతులమ్మగా నటించింది. 1948లో రేడియోలో మొదలై, 1952 నుండి 1956 వరకు టెలివిజన్‌లో వచ్చింది. పెండ్లి కాని పంతులమ్మ, అద్దె గది, చాలని జీతం, కోపిష్ఠి హెడ్‌మాస్టరు. ఆమె ఎవరినీ నొప్పించదు, ఎవరికీ లొంగిపోదు. నిజమైన ఉపాధ్యాయినులు ఆమెకు ఉత్తరాలు వ్రాశారు, ఉపాధ్యాయ సంఘాలు సన్మానించాయి. దేశమంతటికీ పలకలు పంపిన మార్కాపురం వాళ్లము మనము. పల్లె బడికి బస్సులో వ్రేలాడుతూ పోయే పంతులమ్మ కష్టం మనకు తెలుసు. ఆమె గురించి ఒక మంచి నవ్వుల కథ మన భాషలో ఎవరైనా వ్రాస్తే బాగుండును.

ఇప్పుడు అందరికంటే బరువైన సంగతి. 1950 అక్టోబరులో "బ్యూలా" అనే కథ టెలివిజన్‌లో మొదలైంది. బ్యూలా నల్లజాతి పనిమనిషి. తెల్లవారి ఇంట్లో వంట చేస్తుంది, వారి చిక్కులు విప్పుతుంది, వారిని నవ్విస్తుంది. కథకు పేరు ఆమెదే, ఇల్లు మాత్రం ఆమెది కాదు. అంతకు ముందు రేడియోలో ఈ పాత్రను మొదట పలికినది ఒక తెల్ల మగవాడు! టెలివిజన్‌లో మొదట ఎథెల్ వాటర్స్ నటించింది. చిన్ననాడు బీదరికంలో పెరిగి, హోటలులో గదులు ఊడ్చి, పాట పాడి పైకి వచ్చిన స్త్రీ ఆమె. 1951లో ఆ వేషం వదిలి వెళ్లిపోయింది. నల్లజాతివారి హక్కుల కోసం పాటుపడే సంఘం కూడా ఆ కార్యక్రమాన్ని విమర్శించింది. 1957లో న్యూయార్కులో బిల్లీ గ్రాహం గారి సువార్త సభలకు ఆమె వెళ్లింది. అక్కడ గాయక బృందంలో చేరి, ఆ తరువాత ఏండ్ల తరబడి ఆయన సభల్లో పాడింది. 1977లో నిద్రించింది.

ప్రియులారా, బ్యూలాను గురించి చదివినప్పుడు మాకు మన సహోదరీలు గుర్తుకు వచ్చారు. ఇతరుల ఇండ్లలో అంట్లు తోమి, ఇతరుల పిల్లలను ఎత్తుకొని పెంచిన తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. మన తెలుగు సినిమాల్లో పనిమనిషి వేషం ఎందుకు వస్తుంది? ఎక్కువగా నవ్వించడానికే. ఆమెకు ఒక ఇల్లు ఉందని, ఆ ఇంట్లో ఆమె కూడా జోకులు వేస్తుందని, తన యజమానుల వింత అలవాట్లు చెప్పి తన పిల్లలను నవ్విస్తుందని ఆ కథలు వ్రాసేవారికి తోచదు. కథ ఎవరి చేతిలో ఉంటే నవ్వు వారిది. కథ చేతిలో లేనివారు నవ్వులపాలు.

మన తెలుగులో ఇటువంటి స్త్రీ లేదా? ఉన్నది, అందునా మన ప్రాంతపు మనిషే. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి. లూసిల్ బాల్ అక్కడ దేసీలూ నడిపిన కాలంలోనే, ఇక్కడ మద్రాసులో భానుమతి, ఆమె భర్త రామకృష్ణ కలిసి తమ కుమారుని పేరున భరణీ సంస్థను, స్టూడియోను నడిపారు. 1953లో "చండీరాణి"ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో ఆమే డైరెక్టు చేసింది. ఆమె కలం పట్టి "అత్తగారి కథలు" వ్రాసింది. చెప్పేది కోడలు. నవ్వు పుట్టించేది అత్తగారు. మడి, ఆచారం, ఆవకాయ, లోకం తెలియని పట్టుదల, ఇవన్నీ అందులో ఉన్నాయి. కోడలు అత్తగారిని ఆటపట్టిస్తుంది గాని తీసివేయదు. చదివి ముగించాక అత్తగారి మీద మనకు ప్రేమే మిగులుతుంది. ఆ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పుస్తకంలో ఉన్నది సిట్యుయేషన్ కామెడీయే. టెలివిజన్ మన ఊరికి రాకముందే కాగితం మీద వచ్చింది.

సినిమాలో సూర్యకాంతం గారిని ఎవరు మరచిపోగలరు? 1962లో వచ్చిన "గుండమ్మ కథ"లో ఎందరో మహా నటులు ఉన్నారు. అయినా సినిమాకు పెట్టింది ఆమె పాత్ర పేరే. అయితే ఆమె వేసిన గయ్యాళి వేషాలను చూసి మనము అత్త అంటే అదే అనుకున్నాము. 2001 నవంబరు నుండి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన "అమృతం" మన తెలుగువారు మెచ్చిన హాస్య ధారావాహిక. అందులో బోల్తా పడేది ఇద్దరు మగవాళ్లు, ఇంట్లో బుద్ధి చెప్పేది భార్యలు. అది కొంత మంచి మార్పే. అయినా కథ నడిచేది ఆ మగవాళ్ల మీదనే. ఇప్పుడు ఫోనుల్లో చూసే చిన్న చిన్న హాస్యాల్లో, మగవాడు చీర కట్టుకొని భార్యగానో అత్తగానో అరవడమే ఎక్కువగా కనిపిస్తున్నది.

పరిశుద్ధ గ్రంథంలో శారా నవ్విన సంగతి మీరెరిగినదే. మొదట ఆమె గుడారములో తనలో తాను నవ్వుకున్నది, భయపడి నవ్వలేదన్నది. ఇస్సాకు పుట్టిన తరువాత దేవుడే తనకు నవ్వు ఇచ్చాడని బాహాటంగా చెప్పి, వినేవారిని కూడా తనతో నవ్వమన్నది. చాటున నవ్వినదానికీ అందరితో కలిసి నవ్వినదానికీ మధ్య ఎంత దూరం! మన ఇండ్లలో తల్లులు ఇంకా గుడారము చాటుననే నవ్వుతున్నారు.

గనుక మూడు మాటలు చెప్పి ముగిస్తాము. మొదటిది, ఇంట్లో నవ్వు ఆగిన తరువాత ఒక్కసారి ఇల్లాలి ముఖం చూడండి. ఆమె ముఖంలో నవ్వు ఇంకా ఉన్నదా, అందరికంటే ముందే ఆరిపోయిందా? ఆరిపోయి ఉంటే ఆ మాట మరల అనవద్దు. రెండవది, అరగంట సేపు ఆమెను చెప్పనివ్వండి. చేనిలో, బోరింగు దగ్గర, రేషను షాపు వరుసలో, ఆసుపత్రి మెట్ల మీద ఆమె చూసిన వింతలు ఏ టీవీలోనూ రావు. ఆమె చెబుతుంటే భర్తలు మధ్యలో అడ్డం రాకుండా వినాలి. ఆమె మిమ్మల్ని గురించి చెప్పినా సరే, నవ్వాలి. మూడవది సంఘ పెద్దలకు. క్రిస్మస్ కార్యక్రమంలో మనము వేసే హాస్య నాటికలో, ఒక కుర్రవాడు చీర కట్టుకొని గయ్యాళి భార్యగా అరవడం, భర్త పారిపోవడం, జనం పకపకా నవ్వడం ఏండ్ల తరబడి జరుగుతున్నది. వచ్చే క్రిస్మసుకు ఆ నాటికను స్త్రీల సమాజానికి అప్పగించండి. వారే వ్రాయాలి, వారే వేయాలి. చదువు రానివారు చెబితే, చదువుకున్న అమ్మాయిలు వ్రాస్తారు.

అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మ కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వడం మీరు చూస్తారు. ఆ నవ్వు వినిపించిన ఇండ్లు ధన్యమైన ఇండ్లు.

దేవుడు మీ గృహములలో అందరికీ సమానమైన సంతోషము దయచేయును గాక. ఆమేన్.